ఆ టెస్టుకి సాయంత్రం రాకండి

గుంటూరు కొత్తపేటలో ఒక చిన్న ల్యాబ్‌లో పదిహేడేళ్లుగా రక్తం తీస్తున్నాను. షుగర్ టెస్ట్ అయితే గుమ్మంలోంచే కేకేసి అడుగుతారు. టెస్టోస్టెరాన్ అయితే మడతపెట్టిన చీటీ నా ముందు పెట్టి గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తారు. సిగ్గుపడేవాళ్లతో నాకు పేచీ లేదు. సాయంత్రం ఏడింటికి బిర్యానీ తినేసి వచ్చేవాళ్లతోనే.

ఈ హార్మోన్ రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున్నే ఎక్కువగా ఉండి, పొద్దెక్కేకొద్దీ తగ్గుతుంది. కుర్రవాళ్లలో ఈ తేడా మరీ ఎక్కువ. తిండి తిన్నా తగ్గుతుంది. అందుకే పరగడుపున, 7 నుంచి 10 లోపు రండి. మంచినీళ్లు తాగొచ్చు. రాత్రంతా మిర్చి యార్డులో లారీలు దించి పగలు పడుకునేవాళ్లకి మాత్రం పొద్దున అంటే నిద్రలేచిన రెండు మూడు గంటల్లోపు. ఆ సంగతి ముందే చెప్పండి. జ్వరపడి లేచిన వారంలో వద్దు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి, కొన్ని మెషిన్లలో అంకె తప్పుగా వస్తుంది.

మా మరిది యార్డులో గుమస్తా. నీరసంగా ఉందని వదినకి చెప్పలేక, ఇంకెక్కడో సాయంత్రం చేయించుకున్నాడు. 262 వచ్చింది. మగవాళ్లకి డెసిలీటరుకు సుమారు 300 నుంచి 1000 నానోగ్రాములు మామూలు. జిమ్‌లో ఎవరో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ మొదలుపెట్టమన్నారట. ఆ రిపోర్ట్ స్కూటీ డిక్కీలో నా కంటపడింది. మర్నాడు ఏడున్నరకి, కాఫీ కూడా తాగనివ్వకుండా, కూర్చోబెట్టి నేనే తీశాను. 418. వారం తర్వాత మళ్లీ తీస్తే 396.

ఇంజెక్షన్ వేసుకుని ఉంటే ఏమయ్యేదో వాడికి యార్డు భాషలోనే చెప్పాను. మెదడు కింద పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అది ఎల్‌హెచ్ అనే హార్మోన్‌తో ఆర్డర్ పంపితేనే వృషణాలు టెస్టోస్టెరాన్ తయారుచేస్తాయి. బయటి సరుకు దిగితే ఆర్డర్లు ఆగిపోతాయి. లోపల పని పడుకుంటుంది, వీర్యకణాలు తగ్గుతాయి, కొందరిలో సున్నాకి వస్తాయి. శ్రావణంలో పెళ్లి పెట్టుకున్నవాడు! పైగా ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడుతుంది. రక్తంలో ఎర్రకణాల వాటా, అంటే హెమటోక్రిట్, 54 శాతం దాటితే డాక్టర్లే మందు ఆపుతారు. అవసరం ఉన్నవాళ్లకి అది మంచి మందే, కానీ రాయాల్సింది జిమ్ వాళ్లు కాదు.

రెండు పొద్దుటి రిపోర్టుల్లోనూ తక్కువ వస్తే హార్మోన్ల డాక్టర్ (ఎండోక్రినాలజిస్ట్) దగ్గరికి వెళ్లండి. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే పిట్యూటరీ హార్మోన్ల టెస్టులు రాస్తారు. ఎల్‌హెచ్ ఎక్కువగా ఉంటే లోపం వృషణాల్లో ఉన్నట్టు. అదీ తక్కువైతే పిట్యూటరీ వైపు చూస్తారు. బొజ్జ ఉన్నవాళ్లలో ఈ హార్మోన్‌ని రక్తంలో మోసే ప్రోటీన్ తక్కువ ఉండి, మొత్తం అంకె పడిపోయినట్టు కనిపించొచ్చు. వాళ్లకి ఆ ప్రోటీన్‌కి అంటుకోకుండా విడిగా తిరిగే ఫ్రీ టెస్టోస్టెరాన్ కూడా చూడాలి.

దీన్ని మగతనం మీటర్ అనుకునేవాళ్లకి ఒక మాట. ఎముకలు, కండరాలు, రక్తం అన్నిటికీ ఇది కావాలి. ఆడవాళ్లకీ కొద్దిగా ఉంటుంది, పీసీఓడీ (అండాశయాల, హార్మోన్ల సమస్య) ఉన్న అమ్మాయిలకి మేం రోజూ చేసే టెస్టే.

మరిది నీరసానికి కారణం వేరే. తెల్లవారకముందే యార్డుకి పోయే మనిషి రాత్రి రెండింటిదాకా ఫోన్ చూస్తాడు. నిద్ర చాలకపోయినా ఈ అంకె తగ్గుతుందని చెప్పాక, ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెట్టి పడుకుంటున్నాడు. వారానికి నాలుగు రోజులైనా.