లేత్, మిల్లింగ్ మిషన్లపై డీఆర్ఓను పూర్తిగా వాడుకోవడం ఎలా?

మిర్యాలగూడ రైస్ మిల్లుల షాఫ్టులు, నల్లగొండ, దేవరకొండ పల్లెల నుంచి వచ్చే బోరు మోటార్ల విడిభాగాలు, జడ్చర్ల పక్కన పోలేపల్లి ఫార్మా కంపెనీలకు కావలసిన పైపు ఫ్లాంజీలు వంటి పనులు చేసే షెడ్లలో చేతితో తిప్పే లేత్‌లు, మిల్లింగ్ మిషన్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వాటిలో కొన్నిటికి డిజిటల్ రీడౌట్, అంటే పనివాళ్లందరూ డీఆర్ఓ అని పిలిచే అంకెల పెట్టె, బిగించి ఉంటుంది. అయితే చాలామంది దానిని హ్యాండిల్ డయల్‌కు బదులుగా మాత్రమే చూస్తారు. సున్నా మీట రంగు వెలిసిపోయి ఉంటుంది, హాఫ్ (అంకెను సగం చేసేది), పీసీడీ (వలయంలో పడే రంధ్రాల చోట్లు చూపేది), ఏబీఎస్ (జాబ్ మూలబిందువు నుంచి దూరం చూపేది) మీటలపై మాత్రం దుమ్ము పేరుకుని ఉంటుంది. ఆ మీటలను ఏ పనిలో, ఏ క్రమంలో నొక్కాలో, తెర మీద అంకె వెలుగుతున్నా దానిని నమ్మకూడని సందర్భాలు ఏవో ఇక్కడ వివరిస్తున్నాను.

అంకె దేనిని చూస్తుంది, దేనిని చూడదు

డీఆర్ఓ స్క్రూ చుట్లను లెక్కించదు. టేబుల్‌కో, లేత్‌పై టూల్‌ను అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్‌కో బిగించిన గాజు స్కేలుపై ఉన్న సన్నని గీతలను రీడర్ హెడ్ కాంతి సాయంతో లెక్కించి, స్లైడ్ ఎంత జరిగిందో నేరుగా చెబుతుంది. కాబట్టి స్క్రూ అరిగి హ్యాండిల్‌లో పావు చుట్టు ప్లే, అంటే వదులు, ఉన్నా, ఆ ప్లే అంకెలోకి రాదు. ప్లే వల్ల కలిగే నష్టం మాత్రం అలాగే ఉంటుంది: కట్టర్ జాబ్‌ను (కోస్తున్న వస్తువును) తన వైపు లాగినప్పుడు టేబుల్ ఆ ప్లే మేరకు దూకుతుంది, డీఆర్ఓ ఆ దూకడాన్ని చూపుతుందే తప్ప ఆపలేదు. అందువల్ల కోత లేని దిశలో టేబుల్‌ను లాక్ చేసే అలవాటు డీఆర్ఓ వచ్చాక కూడా మానకూడదు.

ఇక అది అసలే చూడనివి కొన్ని ఉన్నాయి. లేత్‌పై క్రాస్ స్లైడ్ మీద కూర్చునే చిన్న స్లైడ్‌కు, అంటే కాంపౌండ్‌కు, విడిగా స్కేలు లేకపోతే, దానిని తిప్పినప్పుడు టూల్ జరుగుతుంది గానీ అంకె జరగదు. టూల్ మొన అరిగినా, సన్నని షాఫ్టు కోత ఒత్తిడికి వంగినా, గిబ్ (స్లైడ్ వదులును సరిచేసే పట్టీ) వదులై స్లైడ్ ఒరిగినా అంకెలో తేడా కనిపించదు. తెరపై 0.001 వరకు అంకెలు వచ్చినంత మాత్రాన జాబ్ కూడా ఆ కొలతకే వచ్చిందని అనుకోరాదు. చివరి మాట ఎప్పుడూ మైక్రోమీటర్‌దే.

లేత్‌పై బేరింగ్ సీటు

6206 బేరింగ్ కూర్చునే షాఫ్టును ఉదాహరణగా తీసుకుందాం. దాని లోపలి వ్యాసం 30 మి.మీ. బేరింగ్ బిగువుగా కూర్చోవడానికి షాఫ్టుకు కే6 అనే ప్రామాణిక ఫిట్ ఇస్తే, కొలత 30.002 నుంచి 30.015 మధ్య రావాలి. అంటే మన చేతిలో ఉన్నది కేవలం 13 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) జాగా.

మొదట డీఆర్ఓ వ్యాసం మోడ్‌లో ఉందో, రేడియస్ మోడ్‌లో ఉందో చూడాలి. రేడియస్ మోడ్‌లో అర మి.మీ. లోపలికి వెళితే వ్యాసంలో ఒక మి.మీ. పోతుంది, షిఫ్టు మారినప్పుడు ఈ ఒక్క తేడా వల్ల పాడయ్యే షాఫ్టులు తక్కువేమీ కావు. క్రాస్ స్లైడ్ స్కేలు 5 మైక్రాన్లదైతే వ్యాసం మోడ్‌లో అంకె 10 మైక్రాన్ల చొప్పున గెంతుతుంది కాబట్టి, బేరింగ్ సీట్లు తరచుగా చేసే షెడ్డులో ఆ ఒక్క స్కేలైనా 1 మైక్రాన్‌ది పెట్టించుకోవడం మంచిది. తరువాత కాంపౌండ్‌ను లాక్ చేసి, తేలికపాటి కోత ఒకటి తీసి, క్రాస్ స్లైడ్‌ను ముట్టుకోకుండా సాడిల్‌ను (బెడ్ పొడవునా జరిగే భాగాన్ని) మాత్రమే వెనక్కి జరిపి, మిషన్ ఆపి మైక్రోమీటర్‌తో కొలవాలి. కొలత 32.460 వచ్చిందనుకుంటే, ఎక్స్ అక్షాన్ని ఎంచుకుని అదే అంకెను నమోదు చేయాలి. ఇప్పటి నుంచి తెర మీద కనిపించేది ఆ టూల్‌తో వచ్చే వ్యాసమే. టూల్ మెమరీ ఉన్న పెట్టెలో ఈ కొలతను ఆ టూల్ నంబరు కింద దాచుకుంటే, మరో టూల్ బిగించి మళ్లీ దీనికి వచ్చినప్పుడు తిరిగి కొలవనవసరం లేదు. అయితే క్విక్ చేంజ్ టూల్ పోస్టు ప్రతిసారీ అదే చోట కూర్చుంటేనే ఆ మాట నిజమవుతుంది.

ఫినిషింగ్ దగ్గర ఒక పద్ధతి నాకు అన్నిటికంటే నమ్మకమైనదిగా కనిపిస్తుంది. చివరి రెండు కోతలను ఒకే లోతుతో, ఒకే ఫీడుతో, ఒకే వేగంతో తీయాలి. ఉదాహరణకు డీఆర్ఓలో 30.410 వద్ద ఒక కోత తీసి కొలిచినప్పుడు మైక్రోమీటర్ 30.432 చూపిందంటే, షాఫ్టు వంగడం వల్లనో, టూల్ వెనక్కి తోసుకోవడం వల్లనో 22 మైక్రాన్లు మిగిలిపోయాయన్న మాట. తెరపై అంకెను 30.432గా సరిదిద్ది, తరువాతి కోత తీస్తే, లోతు దాదాపు సమానం కనుక వంపు కూడా దాదాపు అంతే ఉంటుంది, కొలత అనుకున్న చోటికి వస్తుంది. చివరి కోతను మరీ పలుచగా వదిలితే టూల్ కోయకుండా రుద్దుతుంది, లెక్క తప్పుతుంది.

వేడి సంగతి ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఉక్కు ప్రతి డిగ్రీకి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద మైక్రోమీటర్, బేరింగ్ రెండూ గాలి వేడికే ఉంటాయి, కానీ కూలెంట్ లేకుండా కోసిన షాఫ్టు వాటికంటే 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే, 30 మి.మీ. వ్యాసంలో దాదాపు 10 మైక్రాన్లు ఉబ్బి ఉంటుంది. అలాంటి షాఫ్టు 30.010 కొలిచి సరిపోయిందని దింపితే, చల్లారేసరికి 30.000కు తగ్గి బేరింగ్ వదులవుతుంది. చేత్తో పట్టుకుంటే వెచ్చగా తగులుతున్న జాబ్‌ను అంతిమ కొలతకు కోయకూడదు.

మిల్లింగ్‌లో హాఫ్ మీట

షాఫ్టుపై కీవే, అంటే కీ కూర్చునే గాడి, తీసేటప్పుడు మధ్యరేఖ పట్టుకోవడమే అసలు పని. అంచును పట్టుకునే ఎడ్జ్ ఫైండర్‌ను స్పిండిల్‌లో బిగించి, నిమిషానికి 600 నుంచి 1000 చుట్ల మధ్య తిప్పుతూ షాఫ్టు ఒక పక్కకు నెమ్మదిగా తాకించాలి. కింది మొన ముందు ఊగుతూ, క్రమంగా నిలకడగా తిరిగి, ఉన్నట్టుండి పక్కకు జారుతుంది. ఆ జారిన క్షణమే తాకిన చోటు. అక్కడ వై అక్షాన్ని సున్నా చేసి, స్పిండిల్‌ను పైకి లేపి, రెండో పక్కన అదే ఎత్తులో అలాగే తాకించి, వై, హాఫ్ మీటలు నొక్కితే అంకె సగమవుతుంది. టేబుల్‌ను సున్నా వరకు తెస్తే కట్టర్ సరిగ్గా మధ్యలో నిలుస్తుంది. రెండు పక్కలా ఒకే మొన తాకింది కనుక దాని వ్యాసాన్ని తీసివేసే పని లేదు. ఒకే అంచును ఆధారంగా తీసుకుంటే మాత్రం 10 మి.మీ. మొనకు 5 మి.మీ. కలపడమో తీసివేయడమో తప్పదు. 30 మి.మీ. షాఫ్టుకు 8 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. లోతు కీవే పడుతుంది.

ఏబీఎస్, ఇంక్ మోడ్‌ల గురించి ఒకే నియమం చాలు: జాబ్ మూలబిందువును ఏబీఎస్‌లో పెట్టి, మధ్యలో ఏ కొలత కావాలన్నా తాత్కాలిక సున్నా నుంచి లెక్కించే ఇంక్‌లోకి మారి అక్కడే సున్నా చేసుకోవాలి.

ఫ్లాంజీకి పీసీడీ

100 మి.మీ. నామమాత్రపు సైజు, పీఎన్16 (ఒత్తిడి తరగతి) ఫ్లాంజీకి 180 మి.మీ. పీసీడీపై, అంటే రంధ్రాల కేంద్రాలు పడే వలయం వ్యాసంపై, 18 మి.మీ. రంధ్రాలు 8 ఉంటాయి. పైపు ఫ్లాంజీలలో రంధ్రాలు మధ్యరేఖపై కాక దానికి రెండు పక్కలా సమానంగా పడాలి కాబట్టి, మొదటి కోణం 0 కాదు, 22.5 డిగ్రీలు.

లోపలి బోరులో ఎక్స్ దిశలో రెండు గోడలు తాకించి హాఫ్, ఆ తరువాత వై దిశలో హాఫ్, మళ్లీ ఒకసారి ఎక్స్ సరిచూసుకోవడం, ఈ క్రమంలో కేంద్రాన్ని పట్టుకోవాలి. పీసీడీ మీట నొక్కి కేంద్రం 0, 0, వ్యాసం 180, రంధ్రాలు 8, మొదటి కోణం 22.5 ఇస్తే, పెట్టె ఒక్కో రంధ్రానికి ఇంకా ఎంత దూరం ఉందో చూపుతుంది. రెండు అక్షాలనూ సున్నాకు తెచ్చి లాక్ చేసి రంధ్రం పెట్టాలి. చివరి కోణం ఇచ్చే తీరు పెట్టెను బట్టి మారుతుంది: కొన్ని పూర్తి చుట్టు అడుగుతాయి, కొన్ని చివరి రంధ్రం ఉన్న కోణాన్నే అడుగుతాయి. అందువల్ల డ్రిల్ పెట్టకముందే ఎనిమిదో రంధ్రం వరకు మీట నొక్కుతూ వెళ్లి చూడాలి. మొదటి రంధ్రం కేంద్రం నుంచి ఎక్స్ 83.149, వై 34.442 వద్ద, ఎనిమిదోది ఎక్స్ 83.149, వై మైనస్ 34.442 వద్ద రావాలి. ఎనిమిదోది మొదటిదానిపైనే పడితే చివరి కోణం తప్పు. అక్షం లెక్క దిశ తిరగబడి ఉంటే వలయం అద్దంలో చూసినట్టు మారుతుంది. సమానమైన రంధ్రాలకు నష్టం లేదు గానీ, పంపు కవరుపై ఒక రంధ్రం పక్కకు జరిగి ఉన్నప్పుడు జాబ్ మొత్తం పోతుంది.

ముందు ఎనిమిదింటికీ సెంటర్ డ్రిల్ మాత్రమే పెట్టి, పక్కపక్క గుర్తుల మధ్య దూరం 68.88 వచ్చిందో లేదో వెర్నియర్‌తో చూడాలి. పూర్తి రంధ్రాలు పెట్టాకైతే లోపలి అంచుల మధ్య 50.88 రావాలి.

స్కేలును పరీక్షించడం, కరెంటు పోయినప్పుడు

టేబుల్‌కు స్పర్శగా డయల్ గేజ్ నిలిపి, మధ్యలో 100 మి.మీ. స్లిప్ గేజ్ (కచ్చితమైన కొలత గల ఉక్కు దిమ్మె) పెట్టి ఒకసారి, తీసి ఒకసారి డయల్‌ను సున్నాకు తెచ్చినప్పుడు డీఆర్ఓ 99.985 చూపితే, తేడా 100 మి.మీ.కు 15 మైక్రాన్లు, అంటే మీటరుకు 150. పెట్టెలో స్కేలు తేడాను సరిదిద్దే లీనియర్ కాంపెన్సేషన్‌లో ఆ అంకెను సరైన గుర్తుతో నమోదు చేసి, టేబుల్‌పై రెండు మూడు చోట్ల మళ్లీ చూడాలి. ఒక చోట ఒకలా, మరో చోట మరోలా వస్తే లోపం స్కేలులో కాక గిబ్‌లోనో, అరిగిన స్లైడ్‌లోనో ఉందని అనుమానించాలి. స్కేలు రబ్బరు పెదవులు కిందికి చూస్తుండాలి, వాటిపై గాలి గన్ను కొట్టకూడదు. గాలి రజనును, కూలెంట్‌ను లోపలికే తోస్తుంది.

కరెంటు పోయిన వెంటనే హ్యాండిళ్లను వదిలేసి స్లైడ్లన్నీ లాక్ చేయాలి. పెట్టె పాత అంకెను గుర్తుంచుకున్నా, చీకట్లో టేబుల్ జరిగితే ఆ జరుగుడు దానికి తెలియదు. స్కేలులో రిఫరెన్స్ మార్కు ఉన్న మిషన్‌పైనైతే, పని మొదలుపెట్టే ముందే ఆ మార్కును దాటించి, దాని నుంచి జాబ్ మూలబిందువు ఎంత దూరమో పెట్టెలో దాచుకుంటే, కరెంటు వచ్చాక మళ్లీ ఆ మార్కు దాటించగానే మూలబిందువు తిరిగి దొరుకుతుంది. మార్కు లేని పాత స్కేళ్లయితే, ఆధారంగా తీసుకున్న అంచును పని పూర్తయ్యేవరకు కోయకుండా ఉంచి, దానినే మళ్లీ తాకించి చూసుకోవాలి.