తిరుపతి లాడ్జిలో ఆధార్ నకలు ఇచ్చే ముందు
తిరుపతి రైల్వేస్టేషన్ దగ్గరి లాడ్జిలో గది అడగగానే గుమాస్తా ఆధార్ జిరాక్సు అడుగుతాడు. నేటి అధికారం లాఠీ కంటే ఇలాంటి కాగితాలతోనే ఎక్కువగా పనిచేస్తుంది. గుర్తింపు చూపక తప్పదు గాని, 12 అంకెలూ అప్పగించనవసరం లేదు. ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ (UIDAI) వెబ్‌సైటులో ఓటీపీతో లోనికి వెళ్లి, డౌన్‌లోడు చేసేటప్పుడు ‘మాస్క్‌డ్ ఆధార్’ ఎంచుకుంటే, చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే ప్రతి వస్తుంది. దానిని ముద్రించి, అడ్డంగా లాడ్జి పేరు, తేదీ, ‘బసకు మాత్రమే’ అనే మాట రాసి సంతకం చేయండి. ఆ రాత ఉంటే అదే నకలును మరొకచోట వాడడం కష్టమవుతుంది. ఫోనులో ఫొటో తీసుకుంటామంటే మాత్రం ఒప్పుకోకండి, అది ఎవరి దగ్గర ఎన్నాళ్లుంటుందో చెప్పే నాథుడుండడు. అలిపిరి తనిఖీ కేంద్రంలోని కెమెరాల సంగతి వేరు, అక్కడ మనం చేయగలిగింది పెద్దగా లేదు. గుమాస్తా పూర్తి సంఖ్యే కావాలని పట్టుబడితే, గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తేల్చిందంటూ వాదించడం కంటే, డ్రైవింగ్ లైసెన్సో ఓటరు కార్డో చూపడం తేలిక.