బీఏఎస్ఎల్‌పీలో చేరాలంటే: దరఖాస్తు ఎక్కడ చేయాలి, ఏ కాగితాలు కావాలి

ఇంటర్ పూర్తయిన పిల్లలున్న ఇళ్లలో ఈఏపీసెట్, నీట్ గురించి మాట్లాడుకున్నంతగా బీఏఎస్ఎల్‌పీ గురించి మాట్లాడుకోరు. బ్యాచిలర్ ఆఫ్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ అన్నది దాని పూర్తి పేరు. వినికిడి లోపం, మాట ఆలస్యం కావడం, నత్తి, పక్షవాతం వచ్చాక మాట పడిపోవడం వంటి ఇబ్బందులను పరీక్షించి, శిక్షణతో చక్కదిద్దే నిపుణుల కోర్సు ఇది. వ్యవధి నాలుగేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోపలి చెవిలో పెట్టే వినికిడి పరికరం, అమర్చిన పిల్లవాడికి శస్త్రచికిత్సతో పని అయిపోదు. వినబడుతున్న శబ్దం ఏమిటో గుర్తుపట్టడం, దాన్ని తిరిగి పలకడం నెలల తరబడి నేర్పాలి. ఆ నేర్పడం పిల్లవాడి ఇంట్లో మాట్లాడే భాషలోనే సాగాలి కాబట్టి తెలుగు వచ్చిన నిపుణుల అవసరం మన దగ్గర ఎప్పుడూ ఉంటుంది.

బైపీసీ వాళ్లకే అనుకుని ఎంపీసీ విద్యార్థులు ఈ కోర్సు వైపు చూడరు. నిజానికి ఇలాంటి కోర్సులకు గుర్తింపునిచ్చే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, నిబంధనల ప్రకారం ఫిజిక్స్, కెమిస్ట్రీలతో పాటు బయాలజీ గాని గణితం గాని చదివినవారు అర్హులే. కనీస మార్కుల శాతం, వయోపరిమితి మాత్రం ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లోనే చూసుకోండి. ప్రవేశ పరీక్ష నియమాలూ అంతే. పాత వీడియోలు చూసి నిర్ణయానికి రావద్దు.

దీనికి ఈఏపీసెట్‌లా అందరికీ కలిపి ఒకే కౌన్సెలింగ్ లేదు. సంస్థ సంస్థకూ ఫారం వేరు, ఫీజు వేరు, గడువు వేరు. మొదట చూడవలసింది మైసూరు మానసగంగోత్రిలో ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థను. 1965లో మొదలైన ఈ సంస్థను అందరూ ఆయిష్ అంటారు. ఇది కేంద్ర ఆరోగ్య శాఖ కింద పనిచేస్తుంది, డిగ్రీ మైసూరు విశ్వవిద్యాలయం ఇస్తుంది, ప్రవేశ పరీక్ష సంస్థే నిర్వహిస్తుంది. రెండోది ముంబైలో 1983లో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్యాల సంస్థ. ఆ పేరు గల పెద్దమనిషి ఉస్మానియాకు వైస్ చాన్స్‌లర్‌గా పనిచేసిన హైదరాబాదీ. ఈ సంస్థకు సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఏ కేంద్రంలో ఏ కోర్సుకు ఎన్ని సీట్లున్నాయో వార్షిక ప్రకటనలో ఇస్తారు. చెన్నై దగ్గర ముట్టుకాడులో బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ నీప్‌మెడ్‌లోనూ ఈ డిగ్రీ ఉంది.

ప్రైవేటు కళాశాల అయితే రూపాయి కట్టకముందే ఆర్‌సీఐ వెబ్‌సైటులోని గుర్తింపు జాబితా తెరవండి. కళాశాల పేరు కనిపిస్తే చాలదు. గుర్తింపు ఒక్కో కోర్సుకు విడివిడిగా, కొన్నేళ్ల గడువుతో ఇస్తారు. పేరు పక్కన బీఏఎస్ఎల్‌పీ ఉందా, మీరు చేరే సంవత్సరం ఆ గడువులోకి వస్తుందా చూడాలి. డీహెచ్ఎల్ఎస్ అని ఏడాది డిప్లొమా ఒకటుంది. అది మంచి కోర్సే గాని ఈ డిగ్రీకి సమానం కాదు. రెండూ ఒకటే అని చెప్పి చేర్పించే మధ్యవర్తి దగ్గర ఇంకేమీ వినకుండా లేచి రావడం మేలు.

ఇక ఫారం. పేరును పదో తరగతి మెమోలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయాలి. మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, ఇంకో చోట పొడి అక్షరంగా ఉండడం మన దగ్గర మామూలే. ప్రకటన రాకముందే ఆధార్‌ను మెమోకు తగ్గట్టు సరిచేయించుకుంటే ధ్రువపత్రాల పరిశీలన నాడు అఫిడవిట్ల కోసం తిరిగే పని తప్పుతుంది.

మార్కుల గడి దగ్గర బైపీసీ వాళ్లు తికమకపడతారు. ఫారంలో బయాలజీ అని ఒకే గడి ఉంటే, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం విడివిడిగా ఉన్న మెమోలో రెండేళ్ల థియరీ, ప్రాక్టికల్ మార్కులు అన్నీ కలిపి వేయాలి. ఇప్పటిదాకా నడిచిన పద్ధతిలో అది 300కు వస్తుంది. ఫిజిక్స్ 150, కెమిస్ట్రీ 150. మొత్తం 600కు 462 వస్తే శాతం 77. భాషల మార్కులు కలిపి 1000కి లెక్కగట్టి వేస్తే మీ శాతం, వాళ్లు తీసే శాతం సరిపోవు. ఆంధ్రప్రదేశ్‌లో మార్కుల విధానం మారింది కనుక కొత్త బ్యాచ్‌లవారు తమ మెమోలోని గరిష్ఠ మార్కులే వేయాలి.

ఎక్కువ సీట్లు చేజారేది కుల, ఆదాయ పత్రాల దగ్గరే. రాష్ట్రం ఇచ్చే బీసీ-ఏ, బీసీ-డి వంటి పత్రం కేంద్ర సంస్థలో పనికిరాదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. రాష్ట్ర జాబితాలోని ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు కాబట్టి ముందు అది చూసుకోండి. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రలో సచివాలయంలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు కార్యాలయం నుంచి వస్తుంది. ఏ రిజర్వేషనూ లేని పేద కుటుంబాలకు ఇచ్చే ఈడబ్ల్యూఎస్ పత్రం ఇంకొకటి. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ రెండింటికీ ఏడాది ఆదాయ పరిమితి ఎనిమిది లక్షలే అయినా లెక్క ఒకటి కాదు. ఓబీసీకి జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. తల్లిదండ్రులు ప్రభుత్వోద్యోగులైతే వాళ్ల హోదా చూస్తారు. ఈడబ్ల్యూఎస్‌కు అన్ని ఆదాయాలూ కలుపుతారు, పైగా ఐదెకరాలు లేదా అంతకు మించి సాగుభూమి ఉంటే అర్హత లేదు. ఈడబ్ల్యూఎస్ పత్రం గత ఆర్థిక సంవత్సరం ఆదాయాన్ని బట్టి ఇస్తారు కనుక ఏప్రిల్ వచ్చాక కొత్తది తీసుకోవాలి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారు యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు, జతచేయాలి.

ఫొటో, సంతకం ఫైళ్లు అడిగిన కొలతలో పెట్టి, ఫీజు రసీదునూ నింపిన ఫారాన్నీ పీడీఎఫ్‌గా దాచుకోండి. మీ సొంత ఫోన్ నంబరు, మీరు రోజూ చూసే ఈమెయిలే ఇవ్వండి. నెట్ సెంటరు వారి మెయిల్ ఇస్తే హాల్‌టికెట్, కౌన్సెలింగ్ పిలుపు వాళ్లకే చేరతాయి.

సీటు వస్తే అసలు పత్రాలతో పాటు టీసీ అడుగుతారు. వేరే రాష్ట్ర విశ్వవిద్యాలయమైతే ఇంటర్ బోర్డు నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా తెచ్చిపెట్టుకోండి. అప్పటికే ఇంజినీరింగ్ కళాశాలలో టీసీ ఇచ్చేసి ఉంటే, సీటు వదులుకుని దాన్ని వెనక్కి తీసుకోవడానికి పట్టే రోజులు కూడా గడువులో కలుపుకోవాలి. నాలుగేళ్ల తర్వాత ఆర్‌సీఐ రిజిస్టరులో పేరు నమోదు చేయించుకున్నాకే ప్రాక్టీసు మొదలుపెట్టాలి. నమోదు లేకుండా చేస్తే 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ.