చదివింది పరీక్ష రోజు దాకా గుర్తుండాలంటే ఎలా చదవాలి?

రాత్రి ప్రాథమిక హక్కుల చాప్టర్ రెండుసార్లు చదివితే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. పొద్దున బిట్ చూస్తే 23వ అధికరణా, 25వ అధికరణా అని తడబాటు. చాలామంది దీన్ని మతిమరుపు అనుకుని దిగులు పడతారు. నిజానికి రాత్రి "వచ్చేసింది" అనిపించింది స్వల్పకాలిక జ్ఞాపకంలో. పరీక్ష అడిగేది దీర్ఘకాలిక జ్ఞాపకాన్ని. మొదటిదాన్నుంచి రెండోదానికి ఎలా చేర్చాలో, గ్రూప్స్‌కి చదివేవాళ్లందరికీ తెలిసిన ఈ చాప్టర్‌తోనే చూద్దాం.

1. ముందు మీ మీదే ఒక చిన్న పరీక్ష

ఈ అంకెల్ని ఒక్కసారి చదివి, కళ్లు మూసుకుని అప్పజెప్పండి: 1 9 4 7 1 9 5 0 2 0 1 4.

ఒక్కో అంకెగా చదివితే సగం దాటేసరికి తడబడతాం. స్వల్పకాలిక జ్ఞాపకంలో ఒకేసారి ఏడు, అటూ ఇటూగా రెండు అంశాలు పడతాయని మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాశారు. అసలు లెక్క నాలుగు దగ్గరే ఉంటుందని 2001లో నెల్సన్ కోవన్ వాదించారు. ఇప్పుడు అవే అంకెల్ని 1947, 1950, 2014 అని చదవండి. స్వాతంత్ర్యం, రాజ్యాంగం అమలు, తెలంగాణ ఏర్పాటు. ఇక మర్చిపోవడమే కష్టం. ముందే పసిగట్టినవాళ్లూ ఉంటారు, వాళ్లకు సాయపడిందీ ఇదే: ఎప్పుడో నేర్చుకున్న సంవత్సరాలు దీర్ఘకాలిక జ్ఞాపకం నుంచి వచ్చి, పన్నెండు అంకెల్ని మూడు ముక్కలుగా కట్టేశాయి. అంటే ఈ రెండింటి మధ్య రాకపోకలు రెండు వైపులా ఉంటాయి. ఎంత ఎక్కువ తెలిస్తే కొత్తది పట్టుకోవడం అంత సులువు.

2. ముక్కలుగా కట్టండి, తెలిసినదానికి తగిలించండి

రాజ్యాంగం మూడో భాగంలో 12 నుంచి 35 దాకా ఉన్న అధికరణల్ని వరసపెట్టి బట్టీ పట్టొద్దు. 14-18 సమానత్వం, 19-22 స్వేచ్ఛ, 23-24 దోపిడీ నుంచి రక్షణ, 25-28 మత స్వేచ్ఛ, 29-30 సాంస్కృతిక, విద్యా హక్కులు, 32 రాజ్యాంగ పరిహారాలు. ఆరు ముక్కలు. ఆరు కూడా ఎక్కువనిపిస్తే మూడు చొప్పున రెండు విడతలుగా పట్టండి.

తర్వాత ప్రతిదానికీ ఒక "ఎందుకు" తగిలించండి. 30 తర్వాత 32కి ఎందుకు దూకాం? 31 ఆస్తి హక్కు. 1978 నాటి 44వ సవరణ దాన్ని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది, అది 300ఏ అధికరణగా మారింది. 21ఏ ఎక్కడిది? జీవించే హక్కు పక్కనే విద్యా హక్కును 2002లో 86వ సవరణ చేర్చింది. కారణం తెలిసిన అంకె ఒంటరిగా ఉండదు, దాన్ని వెతికి పట్టుకోవడానికి రెండు మూడు దారులుంటాయి.

అష్టావధానంలో ధారణ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఎనిమిది మంది పృచ్ఛకులు మధ్యమధ్యలో అడ్డు తగులుతున్నా, ఒక్కో పాదం చొప్పున చెప్పుకుంటూ వెళ్లిన పద్యాలన్నీ అవధాని చివర్లో వరసగా అప్పజెబుతారు. ఛందస్సు, యతి, ప్రాస ఏళ్ల సాధనతో ముందే లోపల స్థిరపడి ఉంటాయి. కొత్త పాదం వాటిలో అమరిపోతుంది. ప్రతిభ లేదనను, కానీ ఆ సాధన లేనిదే ధారణ లేదు.

3. ఫోన్ వేరే గదిలో

1959లో పీటర్సన్ దంపతులు మూడేసి అక్షరాలు చెప్పి, వెంటనే మూడేసి తగ్గిస్తూ అంకెలు లెక్కపెట్టమన్నారు. మనసులో తిరగేసుకునే వీలు లేకపోయేసరికి, 18 సెకన్లకే అక్షరాలు చాలావరకు ఎగిరిపోయాయి. వాట్సాప్ మెసేజ్ చేసే పనీ అదే.

4. పుస్తకం మూసి రాయండి

అన్నిటికన్నా ముఖ్యమైనది, అందరూ ఎగ్గొట్టేది ఇదే. ఒక పేజీ చదవగానే పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నంత రాయండి. తప్పులు దిద్దుకోండి, మళ్లీ మూయండి. రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత ముందున్నారు. వారం తర్వాత మాత్రం, చూడకుండా గుర్తు తెచ్చుకున్నవాళ్లే ముందున్నారు. చదువుతున్నప్పుడు కలిగే "వచ్చేసింది" అనే ధీమాను అందుకే నమ్మకూడదు. నన్నడిగితే, రంగురంగుల హైలైటర్లకు పెట్టే టైమ్ ఈ తెల్లకాగితానికి పెట్టడం మేలు.

5. కాస్త మర్చిపోయాక మళ్లీ పట్టండి

జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల్ని తానే బట్టీ పట్టి, ఎంత త్వరగా మర్చిపోతున్నాడో లెక్క కట్టి 1885లో ప్రచురించాడు. మొదటి గంటలోనే సగానికి పైగా పోయింది, తర్వాత పోవడం నెమ్మదించింది. కాబట్టి అదే రాత్రి ఒకసారి, మర్నాడు, నాలుగో రోజు, వారానికి, నెలకు అన్నట్టు రివిజన్ పెట్టుకోండి. ప్రతిసారీ ముందు తెల్లకాగితం, తర్వాతే పుస్తకం. ఈ రోజులే పాటించాలని లేదు, ఎడం పెరుగుతూ పోతే చాలు.

6. నిద్ర కోసుకోవద్దు

మూర్ఛ తగ్గించడానికి 1953లో అమెరికాలో హెన్రీ మోలైసన్ అనే యువకుడి మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశారు. ఆ తర్వాత చెప్పిన అంకెల్ని కాసేపు గుర్తుంచుకోగలిగేవాడు, చక్కగా మాట్లాడేవాడు. కానీ రోజూ కలిసే డాక్టరు కూడా కొత్త మనిషే. స్వల్పకాలికం బాగానే ఉంది, పాత జ్ఞాపకాలూ చాలావరకు ఉన్నాయి, కొత్తవాటిని నిలబెట్టే వ్యవస్థే పోయింది. అలా నిలబెట్టే పనిలో కొంత మనం నిద్రపోతున్నప్పుడు జరుగుతుంది. పరీక్ష ముందు నైట్‌అవుట్ చేస్తే నష్టపోయేది అక్కడే.

7. హాల్లో కూర్చున్నాక

టెన్షన్ కూడా స్వల్పకాలిక జ్ఞాపకంలోనే చోటు ఆక్రమిస్తుంది. బుక్‌లెట్ తెరవమనగానే, రఫ్ వర్క్‌కు ఇచ్చిన చోట ఆ ఆరు ముక్కలూ రాసేయండి: 14, 19, 23, 25, 29, 32. తర్వాత మొదటి బిట్ చూడండి.