ఛార్జింగ్ నిలబడని ఫోన్: సర్వీస్ సెంటర్‌కి అంకెలతో వెళ్లండి

"ఛార్జింగ్ నిలబడట్లేదండీ" అని మాత్రమే చెబితే చాలా కౌంటర్లలో జరిగేది ఒకటే: అప్‌డేట్ కొట్టి, రీసెట్ చేసి, సాయంత్రానికి ఫోన్ చేతిలో పెడతారు. వారం తిరక్కుండా మళ్లీ మొదటికే వస్తుంది. తప్పు బ్యాటరీదో కాదో ముందు ఇంట్లోనే తేల్చుకోండి.

వెనక ప్యానెల్ లేచినా, స్క్రీన్ అంచున సందు కనిపించినా, బల్ల మీద పెట్టి తిప్పితే ఫోన్ బొంగరంలా తిరిగినా పరీక్షలేవీ వద్దు. లోపల గ్యాస్ చేరి బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగ్ ఆపి, స్విచ్ఛాఫ్ చేసి నేరుగా తీసుకెళ్లండి. ప్యానెల్‌ని నొక్కి సర్దబోతే లోపలి పొర చిరిగి మంటలు రావచ్చు.

ఉబ్బు లేకపోతే, రాత్రి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి పడుకోండి. మామూలు రాత్రి 20 శాతం దిగే ఫోన్ ఇప్పుడు నాలుగైదు శాతమే దిగితే, ఆ తేడా ఏదో యాప్‌ది, లేదా గదిలో సరిగా అందని సిగ్నల్‌ది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనూ అంతే దిగితే, ఆండ్రాయిడ్ ఫోనైతే సేఫ్ మోడ్‌లో (మీరు వేసుకున్న యాప్‌లు పనిచేయకుండా ఫోన్ తెరిచే పద్ధతి) ఇంకో రాత్రి చూడండి. అప్పుడూ మారకపోతే అనుమానం హార్డ్‌వేర్ మీదే.

అసలైన ఆనవాలు మాత్రం వేరే. 30 శాతం ఉండగా కెమెరా తెరవగానే ఫోన్ ఆరిపోతుంది, ఛార్జర్ పెట్టగానే మళ్లీ 25 చూపిస్తుంది. పాతబడిన బ్యాటరీలో అంతర్గత నిరోధం, అంటే కరెంట్‌కి లోపల తగిలే అడ్డు, పెరుగుతుంది. కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగితే వోల్టేజ్ కిందికి జారి ఫోన్ తనంతట తానే కట్టేసుకుంటుంది. ఇది రీసెట్‌తో పోయే జబ్బు కాదు.

యాపిల్ చిక్కుల్లో పడింది సరిగ్గా ఇక్కడే. ఇలా ఆరిపోకుండా 2017 జనవరిలో ఐఓఎస్ 10.2.1తో పాత ఐఫోన్ల వేగం తగ్గించింది, కానీ ఆ సంగతి వాడేవాళ్లకి సరిగా చెప్పలేదు. గొడవ ముదిరాక ఆ డిసెంబర్‌లో క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధరని 79 డాలర్ల నుంచి 29కి దించింది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ (కొత్తప్పటి సామర్థ్యంలో ఎంత శాతం మిగిలిందో చెప్పే అంకె) వచ్చింది ఆ తర్వాతే, 2018 మార్చిలో. మీకు కావాల్సిన మొదటి అంకె అదే. యాపిల్‌కేర్ ప్లస్ (యాపిల్ డబ్బు తీసుకుని ఇచ్చే అదనపు రక్షణ) ఉండగా 80 శాతం కన్నా తగ్గితే యాపిల్ ఉచితంగా మారుస్తుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో హెల్త్ కనిపించకపోతే ఆక్యుబ్యాటరీ యాప్ వేసి వారం పాటు ఎప్పటిలాగే ఛార్జ్ చేస్తూ ఉండండి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి 3900 చూపిస్తే 78 శాతం మిగిలినట్టు. అది అంచనానే అయినా, స్క్రీన్‌షాట్ ఉంచుకోండి.

డబ్బు కట్టే ముందు మీ మోడల్‌కి ఉచిత మార్పిడి పథకం ఉందేమో కంపెనీ సైట్లో చూడండి. 2007లో నోకియా బీఎల్-5సీ బ్యాటరీల విషయంలో 4.6 కోట్ల బ్యాటరీలకి ఉచిత మార్పిడి ప్రకటించింది. బ్యాటరీ వెనకున్న నంబర్ చూసుకున్నవాళ్లకే తమది అందులో ఉందో లేదో తెలిసింది.

సెంటర్‌కి వెళ్లే ముందు డేటా బ్యాకప్ చేసి, *#06# నొక్కి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) రాసుకోండి. ఫోన్ నాలుగు వైపులా ఫొటోలు తీసి, సిమ్ ట్రే తీసి ఆ సందు లోపల కూడా ఒకటి తీయండి. చాలా ఫోన్లలో తడి తగిలితే ఎర్రబడే చిన్న స్టిక్కర్ అక్కడే ఉంటుంది. "లోపలికి నీళ్లు వెళ్లాయి, వారంటీ వర్తించదు" అనే మాటకి, స్టిక్కర్ ఎర్రబడలేదని చూపే ఆ ఫొటోనే జవాబు.

జాబ్ షీట్‌లో (ఫోన్ తీసుకునేటప్పుడు సెంటర్ రాసే చీటీ) "బ్యాటరీ ప్రాబ్లం" అని రాస్తే సంతకం పెట్టొద్దు. "30 శాతం దగ్గర స్విచ్ఛాఫ్, హెల్త్ 76" అని రాయించండి. మార్చడం కుదరదంటే ఆ కారణమూ అందులోనే ఉండాలి.

తర్వాత ఆ షీట్ జతచేసి కంపెనీకి మెయిల్ పెట్టి, టికెట్ నంబర్ తీసుకోండి. కదలకపోతే 1915కి ఫోన్ చేయండి. ఈ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ తీర్పు చెప్పదు, ఫిర్యాదుని కంపెనీ ముందు పెట్టి జవాబు అడుగుతుంది. అక్కడా తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు వేయొచ్చు. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు. గడువు, సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు.