‘ఆగు’ అని చెప్పే బొమ్మ: గేటుకూ, వంటింటికీ పోస్టర్ చేసుకోవడం ఎలా

క్లిప్ ఆర్ట్ అంటే నెట్‌లో రెడీమేడ్‌గా ఉండే బొమ్మలే కదా, దొరికిన బొమ్మ దించుకుని అతికించేస్తే సరిపోతుందని అనుకోకండి. పోయిన ఏడాది మేమూ అలాగే చేశాం. తిరుపతిలో మా వీధి చివర బడి ఉంది, సాయంత్రం పిల్లల్ని వదిలే టైమ్‌కి ఆటోలు, బైకులు నెమ్మదించాలని గేటు పక్కన ఒక పోస్టర్ పెట్టాం. అందులో ఒక అబ్బాయి నవ్వుతూ, మోచెయ్యి మడిచి, వేళ్లు విడదీసి అరచెయ్యి చూపిస్తుంటాడు. మర్నాడు అక్కడే నిలబడి చూస్తే చిన్నపిల్లలు ఆ బొమ్మకి చెయ్యి ఊపుతూ వెళ్తున్నారు, బండ్లు మాత్రం వచ్చిన స్పీడులోనే పోతున్నాయి.

అందుకే ముందు చెయ్యి చూడండి. వేళ్లు దగ్గరగా ఉండాలి, అరచెయ్యి పూర్తిగా మనవైపు తిరిగి ఉండాలి, చెయ్యి బాగా చాచి ఉండాలి. ట్రాఫిక్ పోలీసు ఎదురుగా వచ్చే బండిని ఎలా ఆపుతాడో గుర్తు తెచ్చుకోండి, ఆ చేతిలో ఎక్కడా మెత్తదనం ఉండదు. మొహంలో నవ్వు వద్దు, కోపం కూడా అక్కర్లేదు. నోరు మూసి, చూపు సూటిగా ఉంటే చాలు. ఇంకో మాట, మణికట్టు దగ్గర కోసినట్టుండే ఒట్టి చెయ్యి బొమ్మ జోలికి పోవద్దు. మన దగ్గర అరచెయ్యి అంటే గుళ్లో అభయహస్తం, ఎన్నికలప్పుడు పార్టీ గుర్తు. మనిషి కనీసం నడుము దాకా కనబడితేనే అది ‘ఆగు’ అన్నట్టు ఉంటుంది.

మన ఊళ్లో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. కొండకి వచ్చేవాళ్లలో తమిళం, కన్నడం, హిందీ మాట్లాడేవాళ్లు ఎంతమందో, అలిపిరి రోడ్డులో కాసేపు నిలబడితే మీకే తెలుస్తుంది. తెలుగులో ఎంత పెద్ద అక్షరాలతో రాసినా వాళ్లు చదవలేరు, అంటే పని మొత్తం బొమ్మే చెయ్యాలి. కింద ‘ఆగండి, బడి’ అని రెండు మాటలు చాలు.

రంగులకి, ఆకారాలకి ఇప్పటికే అందరికీ అలవాటైన అర్థాలున్నాయి, వాటిని మార్చకండి. ఆపడానికి తెల్ల అంచున్న ఎర్రటి ఎనిమిది మూలల పలక. ఇంట్లో, పనిచేసే చోట పెట్టేవాటికి ఐఎస్‌ఓ 7010 అనే అంతర్జాతీయ భద్రతా గుర్తుల పద్ధతి ఉంది: ఎర్ర వలయంలో అడ్డగీత ఉంటే చెయ్యొద్దని, పసుపు త్రిభుజం ఉంటే జాగ్రత్తని, నిండు నీలం గుండ్రం ఉంటే తప్పక చెయ్యమని. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనబడనివాళ్లు కూడా ఉంటారు కాబట్టి రంగు ఒక్కటే నమ్ముకోకూడదు, ఆకారం కూడా సరిగ్గా ఉండాలి.

వంటింటి పోస్టర్‌కి నేను వాడింది వేరే రకం బొమ్మ. ఒకావిడ స్విచ్‌బోర్డు వైపు చెయ్యి పెట్టబోతుంటే ఇంకొకావిడ అరచెయ్యి అడ్డం పెడుతుంది, కింద నేల మీద సిలిండర్. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేలను పట్టుకునే ఉంటుంది, ఆ టైమ్‌లో స్విచ్ వేసినా, ఆపినా నిప్పురవ్వ రావచ్చు. ‘వాసన వస్తే స్విచ్ ముట్టుకోవద్దు, రెగ్యులేటర్ ఆపండి, తలుపులు తెరవండి’ అని రాసి, గ్యాస్ లీకు హెల్ప్‌లైన్ 1906 పెద్దగా వేశాను. ఇలాంటి బొమ్మ రెడీమేడ్‌గా దొరకదు, రెండు మనుషుల బొమ్మలు తీసుకుని, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో కలుపుకోవాల్సిందే. అది ఉచితమే.

బొమ్మలకి ఓపెన్ క్లిప్ ఆర్ట్, వికీమీడియా కామన్స్ సైట్లు చూడండి. కామన్స్‌లో ఒక్కో బొమ్మ కింద లైసెన్స్ (ఎలా వాడుకోవచ్చో చెప్పే షరతు) ఉంటుంది, గీసినవాళ్ల పేరు వెయ్యమంటే వెయ్యండి. గూగుల్‌లో కనబడింది సేవ్ చేసుకోవడం మాత్రం వద్దు, అది ఎవరిదో మనకి తెలియదు, పైగా సైజు కూడా చాలదు. ఎస్‌వీజీ (బొమ్మని గీతలుగా దాచే ఫైల్) దొరికితే ఎంత పెంచినా చెదరదు. పీఎన్‌జీ (చుక్కలుగా దాచే ఫైల్) అయితే ఏ3 కాగితం నిండా రావడానికి 3508 × 4961 పిక్సెళ్లు ఉంటే నిశ్చింత.

ప్రింటింగ్ దగ్గర తెలుగు అక్షరాలు చెదిరిపోతే టెన్షన్ పడకండి. చాలా డీటీపీ షాపుల్లో అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లు వాడతారు, మనం ఫోన్‌లో, కంప్యూటర్‌లో టైప్ చేసే యూనికోడ్ అక్షరాలు అందులో కుదరవు. పీడీఎఫ్ చేసి ఇవ్వండి, వాట్సాప్‌లో అయితే ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. బయట పెట్టేదైతే మామూలు కాగితం వద్దు, మన ఎండకి ముందు వెలిసేది ఎరుపే. వినైల్ (ప్లాస్టిక్ స్టిక్కర్ షీటు) మీద వేయించి, తేలికైన ఫోమ్ పలక సన్‌బోర్డుకి అతికించమనండి. కరెంటు స్తంభానికి కట్టకండి, గేటుకో గోడకో పెట్టండి.

ప్రింటుకి ఇచ్చే ముందు ఏ4 మీద నలుపు తెలుపులో ఒక కాపీ తీసి, కింద మాటలు మడిచేసి, పది అడుగుల దూరం నుంచి ఇద్దరు ముగ్గురికి రెండు సెకన్లు మాత్రమే చూపించండి. ‘బాగుందా’ అని అడగొద్దు, ‘ఏమంటున్నాడు’ అని అడగండి. రెండోసారి చేసిన బొమ్మ ఆటో స్టాండులో చూపిస్తే ఒక డ్రైవరు, ‘బండి ఆపమంటా ఉండాడు కదన్నా, బడి పిల్లోళ్లకా?’ అన్నాడు. ఆ మాట విన్నాకే ప్రింటుకి ఇచ్చాం.