అమ్మను వాటికన్ తీసుకెళ్తున్నారా? గుడికి ఒక రోజు, బొమ్మలకు ఒక రోజు పెట్టుకోండి

మా నల్గొండ వైపు నుంచి వాటికన్ వెళ్ళొచ్చిన వాళ్ళను ఎవర్ని అడిగినా ముందు "అబ్బో, ఎంత పెద్ద గుడో!" అంటారు, ఆ వెంటనే "ఏం చూశామో సరిగ్గా గుర్తు లేదు, తోసుకుంటూ పోయి తోసుకుంటూ బయటపడ్డాం" అంటారు. మొదటిసారి వెళ్ళినప్పుడు నా పరిస్థితీ అదే. నాలుగైదు దేశాలు చుట్టేసే ఒక టూర్‌లో వెళ్ళాను, వాటికన్‌కు వాళ్ళిచ్చింది ఒక్క పూట, అందులో సగం లైన్‌లోనే పోయింది, సిస్టీన్ చాపెల్‌లో పైకప్పు మీది బొమ్మలు చూద్దామని తల పైకెత్తేలోపే గైడ్ జెండా ఊపుకుంటూ బయటికి నడిచాడు. ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, "మరియమ్మ తల్లి ఒళ్ళో ఏసయ్య ఉన్న స్వరూపం చూశావా బిడ్డా?" అని. చూశాను, కానీ ఎలా ఉందో చెప్పలేకపోయాను. ఆ బాధ చాలా రోజులు పోలేదు. తర్వాత డబ్బు కూడబెట్టుకుని, టూర్ లేకుండా, అమ్మను, చెల్లెను తీసుకుని మళ్ళీ వెళ్ళాను. కింద రాసిందంతా ఆ రెండో ప్రయాణంలో నేర్చుకున్నదే.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్తాను. పునీత పేతురు బసిలికాకు, అంటే ఆ పెద్ద గుడికి, ఒక రోజు, వాటికన్ మ్యూజియంకు ఇంకో రోజు పెట్టుకోండి. వాటికన్ మొత్తం కలిపి 44 హెక్టార్లు, అంటే మన లెక్కలో 110 ఎకరాల లోపే, రోమ్ నగరం లోపలే ఉన్నా 1929 నుంచి అది వేరే దేశం. అంత చిన్నదే కదా ఒక్క రోజులో అయిపోతుంది అనుకుంటాం. కానీ బసిలికా ద్వారం వేరు, మ్యూజియం ద్వారం వేరు, గోడ చుట్టూ తిరిగి ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవడానికే పావుగంట నడవాలి, రెండు చోట్లా సెక్యూరిటీ లైన్లు వేరు. అరవై దాటిన అమ్మతో రెండూ ఒక్కరోజు పెట్టుకుంటే రెండోది చూడరు, కూర్చోవడానికి జాగా వెతుక్కుంటారు.

వీసా సంగతి త్వరగా చెప్పేస్తాను. వాటికన్‌కు ఇటలీ మీదుగానే పోవాలి, ఇటలీకి కావలసింది షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా), పెద్దవాళ్ళకు ఫీజు 90 యూరోలు, ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. వేలిముద్రలు ఇవ్వాలి కాబట్టి అమ్మానాన్నలు కూడా హైదరాబాద్ రావాల్సిందే. అపాయింట్‌మెంట్లు ఎండాకాలం సెలవులకు ముందే నిండిపోతాయి, ఆలస్యం చేయొద్దు. మా అమ్మకు ఇన్‌కమ్ ట్యాక్స్ కాగితాలేవీ లేవు. నా జీతం స్లిప్పులు, ఖర్చు నాదే అని ఒక లెటర్, ఆమె బ్యాంకు స్టేట్‌మెంట్, పొలం పట్టాదారు పాసు పుస్తకం నకలు పెట్టాం, వచ్చేసింది. మీ ఇంట్లో వ్యవసాయం చేసే పెద్దవాళ్ళుంటే టెన్షన్ పడకండి, ఉన్న కాగితాలు ఉన్నట్టు శుభ్రంగా పెట్టండి.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, నన్నడిగితే అక్టోబర్ చివర, లేదంటే ఫిబ్రవరి. నల్గొండ ఎండలు చూసినవాళ్ళం, రోమ్ ఎండ ఏం చేస్తుందిలే అనుకోవద్దు. జూలైలో నీడ లేని రాతి నేల మీద గంట నిలబడితే మనకైనా కళ్ళు తిరుగుతాయి. ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారంలో వెళ్తే పూజలు బాగుంటాయి, కానీ జనం మామూలుగా ఉండరు. జూన్ 29 పేతురు పౌలుల పండుగ, ఆ రోజు మ్యూజియం మూసేస్తారు. ఆదివారాలు కూడా మ్యూజియం ఉండదు, నెలలో చివరి ఆదివారం పొద్దున మాత్రం ఉచితంగా తెరుస్తారు. అయితే ఉచితం కదా అని ఆ రోజే పోవద్దు, ఊపిరాడదు.

బట్టల విషయంలో మనవాళ్ళకు ఇబ్బంది లేదు. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలన్నదే నియమం, కాబట్టి చీర, చుడీదార్ హాయిగా సరిపోతాయి. ఇబ్బంది పడేదల్లా షార్ట్స్‌లో వచ్చే కుర్రాళ్ళే. అసలు సమస్య చెప్పులు. రోమ్ వీధులు చిన్న చిన్న నల్లరాళ్ళతో పరిచి ఉంటాయి, ఎగుడుదిగుడుగా ఉంటుంది, సన్నటి చెప్పులైతే సాయంత్రానికి పాదాలు మండిపోతాయి. అమ్మ మొదట "చీర మీద బూట్లేంటి, నలుగురూ నవ్వరా" అంది. మీరు మాత్రం వినకుండా కొనిపెట్టండి, పైగా ఇక్కడే ఓ నెల ముందు నుంచి ఆ బూట్లతో పొద్దున నడిపించండి.

ఇక మొదటి రోజు. బసిలికా ఉదయం 7 గంటలకే తెరుస్తారు, ఏడున్నర లోపు అక్కడ ఉండండి. లోపలికి టికెట్ లేదు, బ్యాగులు మాత్రం చెక్ చేస్తారు, కత్తెర, పండ్ల చాకు లాంటివి రూమ్‌లోనే వదిలేయండి. బుధవారం వద్దు, ఆ రోజు పొద్దున పోప్ గారి దర్శనం ఉంటే మధ్యాహ్నం దాకా గుడిలోకి వదలకపోవచ్చు. పోప్ గారిని చూడాలనుకుంటే ఆ బుధవారం దర్శనానికే విడిగా వెళ్ళండి, దాని టికెట్లకు డబ్బు తీసుకోరు, ఎవరైనా అమ్మజూపితే కొనకండి. ఆదివారం మధ్యాహ్నం 12కు కిటికీలో నుంచి ఆయన చెప్పే త్రికాల ప్రార్థనకైతే టికెట్ కూడా అక్కర్లేదు.

లోపలికి పోయే ముందు, గుడి ఎదురుగా ఉన్న పెద్ద చౌకులో ఒక పని చేయండి. మధ్యలో ఈజిప్టు నుంచి తెచ్చిన పెద్ద రాతి స్తంభం, అటూ ఇటూ రెండు ఫౌంటెన్లు ఉంటాయి. స్తంభానికీ ఫౌంటెన్‌కీ మధ్య నేల మీద గుండ్రటి రాయి ఒకటి పరిచి ఉంటుంది, వెతికి దాని మీద నిలబడండి. చుట్టూ శిల్పి బెర్నీనీ కట్టించిన 284 స్తంభాలు నాలుగు వరుసల్లో ఉంటాయి కదా, ఆ రాయి మీద నుంచి చూస్తే వెనక మూడు వరుసలూ మాయమై ఒక్క వరుసే కనిపిస్తుంది. ఒక్క అడుగు పక్కకు వేస్తే మళ్ళీ అడవిలా విడిపోతాయి. మా చెల్లె అటొక అడుగు ఇటొక అడుగు వేస్తూ పది నిమిషాలు అక్కడే ఉంది. నాకు మన నల్గొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గుర్తొచ్చింది. స్కూల్లో ఉన్నప్పుడు లింగం మీద కదలకుండా నిలిచే ఆ నీడ ఏ స్తంభానిదో తేల్చాలని ఒక్కో స్తంభం ముందు నిలబడి చూసేవాళ్ళం. రాయిని ఎక్కడ నిలబెడితే కన్ను ఎలా మోసపోతుందో తెలిసిన శిల్పులు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

లోపలికి అడుగుపెట్టగానే అందరూ నేరుగా ముందుకు పోతారు. మీరు కుడివైపు తిరగండి. మొదటి చాపెల్‌లోనే ఉంటుంది మా అమ్మ అడిగిన స్వరూపం, పియెటా. మైకెలాంజెలో అనే ఇటలీ శిల్పి ఇరవై నాలుగేళ్ళ వయసులో, 1499 నాటికి పూర్తి చేసింది. 1972లో ఒకడు సుత్తితో కొట్టి మరియమాత చెయ్యి, ముక్కు విరగ్గొట్టాడు, బాగుచేసి అప్పటి నుంచి గాజు వెనక పెట్టారు, అందుకే కాస్త దూరం నుంచి చూడాలి. ఫోన్ తీయడానికి ముందు ఐదు నిమిషాలు ఊరికే చూడండి. ఆమె కుడి చెయ్యి కొడుకు చంక కింద ఉంటుంది, కానీ ఆ వేళ్ళకూ ఆయన ఒంటికీ మధ్య బట్ట ఉంటుంది, నేరుగా తాకదు. ఎడమ చెయ్యి మాత్రం ఖాళీగా, అరచెయ్యి పైకి తెరిచి ఉంటుంది. మొదటిసారి నేను ఆ చెయ్యే చూడలేదు. అమ్మ చూసింది. "ఇంకేం చెయ్యను అన్నట్టు పెట్టింది చూడు బిడ్డా" అని, జపమాల చేతిలో పట్టుకుని చాలాసేపు కదల్లేదు, మేమూ కదిలించలేదు. మరియమాత ఛాతీ మీద అడ్డంగా ఉన్న పట్టీ మీద శిల్పి పేరు చెక్కి ఉంటుంది, ఆయన సంతకం పెట్టిన పని అదొక్కటే.

అక్కడి నుంచి నింపాదిగా నడవండి. పవిత్ర జలం తొట్టిని పట్టుకున్న పసిపిల్లల బొమ్మలు దూరం నుంచి మన ఇంట్లో పిల్లలంత కనిపిస్తాయి, పక్కన నిలబడితే మనకంటే పెద్దవి, గుడి ఎంత పెద్దదో అప్పుడు అర్థమవుతుంది. ముందుకెళ్తే పేతురుగారి కంచు విగ్రహం, వందల ఏళ్ళుగా భక్తులు తాకి, ముద్దుపెట్టుకుని కుడి పాదం వేళ్ళు అరిగి ఒకే ముద్దలా అయిపోయాయి. ప్రధాన బలిపీఠం మీద దాదాపు 29 మీటర్ల ఎత్తు కంచు మండపం బెర్నీనీదే, దాని కిందే పేతురుగారి సమాధి. గుడి కింద తవ్వకాలు జరిగిన ఆ సమాధి దాకా దిగి చూడాలంటే తవ్వకాల ఆఫీసుకు నెలల ముందే మెయిల్ పెట్టి బుక్ చేసుకోవాలి, రోజుకు కొద్దిమందినే పంపిస్తారు. ప్రార్థన చేసుకునేవాళ్ళకు వేరే చాపెల్ ఉంది, అక్కడ ఫొటోలు, మాటలు ఉండవు, అమ్మను కాసేపు అక్కడ కూర్చోనివ్వండి. గోపురం ఎక్కాలంటే 551 మెట్లు, లిఫ్ట్ టికెట్ తీసుకున్నా 320 మెట్లు మిగులుతాయి, పై భాగంలో గోడ ఒంపుతో పాటు మనమూ ఒరిగి నడవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు వద్దే వద్దు.

రెండో రోజు మ్యూజియం. టికెట్ అధికారిక వెబ్‌సైట్‌లోనే ముందుగా కొనండి, అలాంటి పేర్లతోనే ఎక్కువ ధరకు అమ్మే సైట్లు చాలా ఉన్నాయి. నడవలేనివాళ్ళకు లోపల చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, గుర్తింపు కార్డు మాత్రం వాళ్ళ దగ్గర పెట్టాలి.

మా వీధిలో ఒక టీచరమ్మ వెళ్ళొచ్చి "బొమ్మలు, బొమ్మలు, మళ్ళీ బొమ్మలు, తల పగిలిపోయింది" అంది. అన్నీ చూడాలనుకుంటే ఎవరికైనా అంతే. మేం వెళ్ళే ముందు వారం రోజులు రాత్రి భోజనాలయ్యాక అమ్మతో ఆదికాండం చదివించుకున్నాం, వెలుగును సృష్టించిన దగ్గర్నుంచి నోవహు దాకా. మ్యూజియం దారి చివర వచ్చే సిస్టీన్ చాపెల్ పైకప్పు మధ్యలో ఉన్న తొమ్మిది చిత్రాలూ ఆ కథే. చిన్నప్పుడు లాంచీలో నాగార్జునకొండ పోయి, బుద్ధుడి కథను రాతి పలకల మీద ఒక్కొక్కటే గుర్తుపట్టుకుంటూ చూశాం కదా, అలాగే. కథ తెలిస్తే బొమ్మ మాట్లాడుతుంది, గైడ్ కూడా అక్కర్లేదు.

దారిలో రెండు చోట్లే ఆగండి. ఒకటి పటాల గ్యాలరీ, 120 మీటర్ల పొడవు, గోడల నిండా ఇటలీ ప్రాంతాల పటాలు 40, 1580ల నాటివి. రెండోది చిత్రకారుడు రఫాయెల్ బొమ్మలు వేసిన గదులు, అక్కడ ప్లేటో, అరిస్టాటిల్ మాట్లాడుకుంటూ నడిచొస్తున్న పెద్ద గోడ చిత్రం ఉంటుంది. మిగతావి నడుస్తూ చూసుకోండి.

సిస్టీన్ చాపెల్‌లో ఫొటోలు తీయనివ్వరు, మాట్లాడనివ్వరు. గోడల వెంట బెంచీలుంటాయి, ఎవరైనా లేచేదాకా ఓపిక పట్టి కూర్చోండి, నిలబడి మెడ ఎత్తితే రెండు నిమిషాలకే నొప్పి. మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా, పడుకుని కాదు, నిలబడి తల వెనక్కి వంచి వేశాడు. ఆయన నోవహు కథ వైపు నుంచి మొదలుపెట్టాడు, అందుకే జలప్రళయంలో మనుషులు చిన్నగా, గుంపుగా ఉంటారు. కింద నుంచి సరిగా ఆనడం లేదని తెలిశాక కాబోలు, బలిపీఠం వైపు వచ్చేకొద్దీ మనుషులు తక్కువై, పెద్దగా అయ్యారు. ఆదాము వేలు, దేవుని వేలు దాదాపు తాకుతున్న బొమ్మ ఆ తర్వాతి కాలంలోదే. బలిపీఠం వెనక గోడంతా తుది తీర్పు, అది 1536 నుంచి 1541 దాకా వేసింది. అందులో పునీత బర్తోలోమయి చేతిలో తన ఒంటి నుంచే ఒలిచిన చర్మం వేలాడుతుంటుంది, దాని మీది ముఖం మైకెలాంజెలోదే అంటారు.

అమ్మకు అక్కడ ఇంకో మాట చెప్పాను. 2025 మే 8న పోప్ లియో గారిని ఎన్నుకున్నది ఈ గదిలోనే, మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి కార్డినల్ పూల అంతోని గారు కూడా ఇక్కడే కూర్చుని ఓటు వేశారు అని. తెలుగువాళ్ళలో మొదటి కార్డినల్ ఆయనే. అమ్మ పైకప్పు వదిలేసి, ఏ వైపు కూర్చున్నారో అని ఆ గోడల వెంట చూస్తూ ఉండిపోయింది.

తిండి గురించి. మాంసం, పాలతో చేసినవి బయటి దేశాల నుంచి తేనివ్వరు, మటన్ పచ్చడి, కోవా పెట్టుకోవద్దు. సకినాలు, కారప్పొడి, అటుకులు తీసుకెళ్ళండి. నీళ్ళ బాటిల్ కొనే పని లేదు, వీధి కొళాయిలు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి, మంచి నీళ్ళే. గొట్టం చివర వేలు అడ్డం పెడితే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. మెట్రోలో, వాటికన్ వైపు పోయే బస్సుల్లో జేబుదొంగలుంటారు, పాస్‌పోర్టులు, డబ్బు నడుముకు కట్టుకునే సంచిలో, కొంగు కింద పెట్టించండి.

చివరగా, చౌకు పక్కన వాటికన్ పోస్టాఫీసు ఉంది. అక్కడి స్టాంపులు అక్కడి డబ్బాల్లో వేస్తేనే చెల్లుతాయి, రోమ్ వీధుల్లో డబ్బాల్లో వేస్తే పోవు. అమ్మ తన పేరుకే ఒక కార్డు రాసుకుంది, తెలుగులో నాలుగు లైన్లు, అడ్రస్ నేను ఇంగ్లీషులో రాశాను. మేం ఇంటికొచ్చిన చాలా రోజులకు అది వచ్చింది. మీరు రాస్తే పిన్‌కోడ్ కింద ఇండియా అని పెద్ద అక్షరాల్లో రాయడం మర్చిపోవద్దు.